నలభై రెండు అంగుళాల నడుము

పక్కవాడికి మంచి జరిగితే తన జేబులోంచి ఏదో పోయినట్టు కుమిలిపోయే సూరిబాబు తణుకు మార్కెట్ వీధిలో టైలరింగ్ షాపు నడుపుతూ ఉండేవాడు.

ఎదురింటివాళ్ళు ఇంటికి రంగులు వేయించుకుంటే ఆ పూట అతనికి అన్నం సయించేది కాదు. పక్కింటి అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చిందని లడ్డూ తెచ్చి చేతిలో పెడితే, ఆ లడ్డూ నములుతూనే "ఈసారి పేపర్లు మరీ తేలిగ్గా ఇచ్చారటగా!" అనేవాడు. ఇలాంటి వాళ్ళని మీరూ చూసే ఉంటారు. మన వీధిలోనే ఉంటారు.

పనిలో మాత్రం అతనికి వంక పెట్టడానికి లేదు. టేపు ఒక్కసారి నడుం చుట్టూ తిప్పి, అంకె పుస్తకంలో రాసుకుంటే ఇక అంతే. ట్రయలు చూసుకోమని ఎవరినీ పిలిచేవాడు కాదు. ప్యాంటుకి బెల్టు లూపులు కూడా కుట్టేవాడు కాదు. "కొలత సరిగ్గా ఉంటే బెల్టెందుకండీ? టైలరు మీద నమ్మకం లేనివాడు పెట్టుకుంటాడు బెల్టు" అనేవాడు. ఊళ్ళో జనం కూడా అతని టేపుకి తిరుగులేదనేవారు. ఆ మాట వినడం కోసమే అతను రోజూ పొద్దున్నే షాపు తెరిచేవాడంటే అతిశయోక్తి కాదు.

అతని చిన్ననాటి స్నేహితుడు దానియేలు. బ్యాండు మాస్టరు. ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా ముందు నడిచేది దానియేలు క్లారినెట్టే. అతని బృందంలో పన్నెండు మంది ఉండేవారు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ యూనిఫారాలన్నీ సూరిబాబే కుట్టేవాడు. స్నేహితులిద్దరికీ నలభై ఎనిమిదేళ్ళు. ఇద్దరి బరువూ తొంభై రెండు కిలోలు. ఇద్దరి నడుమూ నలభై రెండు అంగుళాలు. ఇలా అన్నీ సమానంగా ఉన్నంతకాలం వాళ్ళ స్నేహానికి ఏ ఇబ్బందీ రాలేదు.

ఒక వేసవిలో పెళ్ళిళ్ళ సీజను ముగిశాక దానియేలుకి మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్తూ, తోడుగా సూరిబాబునీ తీసుకెళ్ళాడు. డాక్టరు ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఇద్దరినీ బరువు చూసే మిషను ఎక్కించాడు.

"చెరో పది కిలోలు తగ్గాలి. తగ్గకపోతే మోకాళ్ళు మీ మాట వినవు, షుగరు నా మాట వినదు. నడుస్తారో, పరుగెడతారో, బరువులే ఎత్తుతారో మీ ఇష్టం. తిండి మాత్రం అదుపులో పెట్టండి" అన్నాడు.

బయటికొచ్చి టీ తాగుతూ ఇద్దరూ వాదనలో పడ్డారు.

"నడక నాకేం కొత్తరా సూరిగా? సీజనంతా ఊరేగింపుల్లో నడిచేది నేనేగా! అయినా పొట్ట పెరిగిందే తప్ప తగ్గలేదు. ఈసారి జిమ్ముకెళ్ళి బరువులెత్తి చూస్తా" అన్నాడు దానియేలు.

"బరువులెత్తితే ఒళ్ళు పెరుగుతుంది గానీ తగ్గుతుందేంట్రా? ఆయాసం రావాలి, చెమటలు కారాలి. అప్పుడు గానీ కొవ్వు కరగదు. నేను కాలవగట్టు మీద నడుస్తా. ఎవరు తగ్గుతారో చూద్దాం" అన్నాడు సూరిబాబు.

"పందెం దేనికిరా? ఇద్దరం తగ్గితే మంచిదేగా!" అని దానియేలు నవ్వేశాడు. సూరిబాబు మాత్రం నవ్వలేదు. అతనికి అప్పుడే పందెం మొదలైపోయింది.

ఆ ఏడు ఆషాఢం, మూఢం ఒకదాని వెనకొకటి వచ్చి మూడు నెలలకు పైగా ముహూర్తాలు లేవు. బ్యాండుకి పని లేదు, షాపులో పెళ్ళి బట్టలూ లేవు. కావలసినంత తీరిక దొరికింది. ప్రతి ఆదివారం ఇద్దరూ శేషగిరి బియ్యం కొట్టుకి వెళ్ళి, బస్తాలు తూచే కాటా ఎక్కేవారు. శేషగిరి అంకె చదివి వీధంతా వినపడేలా చెప్పేవాడు.

మొదటి నెల సూరిబాబుదే. నాలుగు కిలోలు తగ్గాడు. దానియేలు తగ్గకపోగా అరకిలో పెరిగాడు.

"చూశావా, ఇనుము మోసి ఇనుమే ఒంటికి పట్టించుకున్నావు!" అన్నాడు సూరిబాబు. ఆ రోజు ఇంటికెళ్తూ, ఎప్పుడూ లేనిది, భార్య మంగతాయారుకి మల్లెపూలు కూడా కొనుక్కెళ్ళాడు.

రెండో నెలలో ఒక విచిత్రం మొదలైంది. కాటా మీద సూరిబాబు ఇంకా తగ్గుతూనే ఉన్నాడు. దానియేలు ముక్కుతూ మూలుగుతూ ఒక్క కిలో తగ్గాడు. కానీ వీధిలో జనం దానియేలుని ఆపి మరీ పలకరించేవారు. "మాస్టారూ, భలే తగ్గారే! పదేళ్ళు చిన్నవాడైపోయారు" అనేవారు. సూరిబాబుని చూసి మాత్రం "ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?" అని గొంతు తగ్గించి అడిగేవారు.

ఆ మాట అడిగిన ప్రతిసారీ సూరిబాబు ఒళ్ళు మండిపోయేది. ఎనిమిది కిలోలు తగ్గింది తను. కాటా సాక్షి, శేషగిరి సాక్షి. మెప్పు మాత్రం వాడికా! కళ్ళుండే మాట్లాడుతున్నారా వీళ్ళంతా?

అతను పట్టుదల పెంచాడు. పొద్దున ఒక గంట నడిచేవాడు కాస్తా సాయంత్రం ఇంకో గంట పరుగు మొదలుపెట్టాడు. రాత్రి భోజనం మానేశాడు. కొన్నాళ్ళకి పొద్దుటి టిఫినూ మానేశాడు. బరువు ఎనభై ఒకటికి దిగింది. బుగ్గలు లోపలికి పోయాయి. భుజాలు జారిపోయాయి. పొట్ట మాత్రం ముందున్నంత కాకపోయినా, బాగానే మిగిలింది. మిషను తొక్కుతుంటే కాళ్ళు వణికేవి. షాపులోని బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఒక చేత్తో లేవక, రెండు చేతులా పట్టుకునేవాడు. ఒకనాడు అలాగే ఎత్తబోయి, ఆయాసంతో బల్ల మీద కూలబడ్డాడు.

మంగతాయారు మజ్జిగ తెచ్చిచ్చింది. "ఈ పిచ్చి నడక తగ్గించి కాస్త తినండి. డాక్టరుగారు అన్నం మానేయమన్నారా, అదుపులో పెట్టమన్నారా?" అంది.

"అది సరే. నిజం చెప్పు. నేను బాగున్నానా, దానిగాడు బాగున్నాడా?"

మంగతాయారుకి అబద్ధమాడే అలవాటు లేదు. "అన్నయ్యగారు హుషారుగా ఉన్నారండీ. నిన్న మన గ్యాస్ బండ ఒక్కరే ఎత్తి లోపల పెట్టారు" అంది.

సూరిబాబు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశాడు. కట్టుకున్న భార్య కూడా ఆ మాటే అనేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఇంకో మైలు ఎక్కువ పరుగెత్తాడు.

దసరా దగ్గర పడింది. మూఢం పోయాక వచ్చే తొలి పెళ్ళి రైసుమిల్లు సత్తిరాజుగారి అమ్మాయిది. దానియేలు బృందానికి కొత్త యూనిఫారాలు కావలసొచ్చాయి. నీలం రంగు గుడ్డ తాను చంకన పెట్టుకుని అతను షాపుకొచ్చాడు. బృందం వాళ్ళందరి కొలతలూ పుస్తకంలో ఉన్నాయి. మాస్టరు కొలతే కొత్తగా తీయాలి.

దానియేలు వెంటనే చేతులెత్తి నిలబడలేదు. స్టూలు మీద కూర్చుని, నేల చూపులు చూస్తూ అన్నాడు.

"ఒరే సూరిగా, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పాలి. మూడు నెలల నుంచి ఆ జిమ్ములో గాడిదలా కష్టపడుతున్నాను. కాటా మీద చూస్తే మూడు కిలోలే తగ్గాను. నువ్వు పదకొండు తగ్గావు. మోకాళ్ళ నొప్పి తగ్గినట్టే ఉంది, ప్యాంటు కూడా వదులైనట్టే ఉంది. అంతా నా భ్రమో ఏమో తెలియట్లేదు. కాటాని నమ్మాలో ఒంటిని నమ్మాలో అర్థం కావట్లేదురా. నీ టేపు అబద్ధం చెప్పదు. నువ్వు కొలిచి చెప్పు. తగ్గితే కొనసాగిస్తా. లేదంటే ఇంతటితో మానేస్తా."

సూరిబాబు టేపు తిప్పాడు. అంకె చూశాడు. టేపు వదిలి మళ్ళీ తిప్పాడు. ముప్ఫై ఎనిమిది.

నాలుగంగుళాలు! తను తిండి మాని, నిద్ర మాని, ఊరంతా పరుగులు పెడితే తగ్గింది రెండంగుళాలు. నిన్ననే తలుపు వేసుకుని కొలుచుకున్నాడు. వీడు హాయిగా మూడు పూటలా తిని, ఇనప గుళ్ళు ఎత్తి, నాలుగంగుళాలు తగ్గాడు. పైగా ఛాతీ ఒక అంగుళం పెరిగింది. సూరిబాబు గబగబా టేపు చుట్ట చుట్టేశాడు.

"ఎంతరా?" అన్నాడు దానియేలు ఆత్రంగా.

"నలభై రెండు" అన్నాడు సూరిబాబు.

"మరి పాత ప్యాంటు వదులైందే?"

"ఉతికి ఉతికి గుడ్డ సాగిపోయిందిరా. పాత ప్యాంట్లన్నీ అంతే."

దానియేలు ముఖం చిన్నబోయింది. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. "నువ్వన్నావంటే అంతేలే. అనవసరంగా ఆశపడ్డాను. రేపట్నుంచి జిమ్ము మానేస్తా" అని భుజం మీద తువ్వాలు వేసుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

సూరిబాబు పుస్తకంలో నలభై రెండు అని రాశాడు. కాసేపు అతనికి గొప్ప సంతోషంగా అనిపించింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి పూర్తిగా భోజనం చేశాడు. తీరా గుడ్డ కత్తిరించే రోజున మాత్రం కత్తెర ముందుకి పడలేదు. ముప్ఫై ఎనిమిదికి కుడితే తన అబద్ధం బయటపడుతుంది. నలభై రెండుకి కుడితే ప్యాంటు నిలబడదు. పోనీ ఈ ఒక్కదానికీ బెల్టు లూపులు కుడదామంటే, ఇరవై ఏళ్ళుగా లేనిది ఇప్పుడెందుకని అడుగుతాడు. చివరికి నలభై రెండుకే కత్తిరించాడు. ఒక అబద్ధానికి కాపలా కాయడానికి అతనికి ఇంకో దారి దొరకలేదు.

పెళ్ళిరోజు మధ్యాహ్నం యూనిఫారాల మూట విడిదింటికి చేర్చాడు. ఎప్పుడూ అంతే, ముహూర్తం పూటే బట్టలు అందించేవాడు. దానియేలు కొత్త ప్యాంటు వేసుకుంటే నడుం దగ్గర పిడికిలి దూరింది.

"మా సూరిగాడికి ముందుచూపెక్కువ. పెళ్ళి భోజనం ఉంది కదాని వదులు వదిలినట్టున్నాడు" అని నవ్వి, డోలు వాయించేవాణ్ణి అడిగి ఒక పిన్నీసు పెట్టుకున్నాడు.

సాయంత్రం అయిదు గంటలకి ఎదురుకోలు. పెళ్ళికొడుకు కారు వీధి మొదట్లో ఆగింది. అక్కడినుంచి పందిట్లో కాలు పెట్టేదాకా బ్యాండు ఆగకూడదు. ఆగితే అపశకునమని సత్తిరాజుగారికి గట్టి పట్టింపు. ఆ సంగతి ముందే పదిసార్లు చెప్పి ఉంచారు. నీలం యూనిఫారాలు, బంగారు రంగు అంచులు, ముందు దానియేలు క్లారినెట్టు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. తను కుట్టిన బట్టలు చూసుకోవడానికి సూరిబాబు కూడా ఎప్పటిలాగే జనంలో నిలబడ్డాడు. అయితే ఈసారి అతని కళ్ళు ఒక్క ప్యాంటు మీదే ఉన్నాయి.

సగం వీధి దాటాక పిన్నీసు ఊడింది. ప్యాంటు జారడం మొదలైంది. క్లారినెట్టుకి రెండు చేతులూ కావాలి. దానియేలు మోచేతులు పక్కలకి అదుముకున్నాడు. మోకాళ్ళు దగ్గరగా పెట్టి బాతులా నాలుగడుగులు వేశాడు. ప్యాంటు ఆగలేదు. ముందు పిల్లలు చూశారు. తర్వాత ఆడవాళ్ళు చూశారు. ఫోన్లు పైకి లేచాయి.

ప్యాంటు పట్టుకుంటే పాట ఆగుతుంది. పాట సాగిస్తే ప్యాంటు పోతుంది. దానియేలు రెండు క్షణాలు ఆలోచించాడు. తర్వాత నడిరోడ్డు మీద, పెళ్ళికొడుకు ముందే, కోటు చుట్టూ సర్దుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. క్లారినెట్టు పెదవి మీదనుంచి తీయలేదు. బృందం వాళ్ళకి కళ్ళతోనే సైగ చేశాడు. వాళ్ళు అతన్ని దాటుకుని ముందుకి సాగారు. పెళ్ళికొడుకు పక్కనుంచి తప్పుకుని నడిచాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. దానియేలు ముఖం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళికొడుకు పందిట్లో కాలు పెట్టేదాకా అతను అక్కడే కూర్చుని వాయించాడు.

సూరిబాబు నవ్వలేకపోయాడు. ఎన్నాళ్ళుగానో అతని మనసు లోలోపల కోరుకున్నది ఇదే. దానిగాడు నలుగురిలో తల దించుకోవాలి. ఇప్పుడు అదే జరిగింది. కానీ అతను అనుకున్న సంతోషం మాత్రం రాలేదు. 

సత్తిరాజుగారు పందిట్లోంచి విసవిసా వచ్చారు. "ఏంటి మాస్టారూ ఈ నవ్వులాట? మా ఇంటి పెళ్ళే దొరికిందా నీకు? ఎవడు కుట్టాడయ్యా ఈ ప్యాంటు?" అన్నారు.

దానియేలు అప్పటికి ఎవరో ఇచ్చిన తాడు నడుముకి బిగించుకుని లేచి నిలబడ్డాడు. "కుట్టినవాడి తప్పు కాదండీ. కొలత ఇచ్చిన ఈ పదిహేను రోజుల్లో నేనే చిక్కాను. మా సూరిగాడి టేపుకి తిరుగులేదండీ" అన్నాడు.

జనంలోంచి బియ్యం కొట్టు శేషగిరి గొంతు వినిపించింది. "పదిహేను రోజుల్లో పిడికిలి పట్టేంత ఎలా చిక్కుతావయ్యా? వారం వారం నిన్ను కాటా ఎక్కించింది నేనేగా! ఈ పదిహేను రోజుల్లో నువ్వు పావుకిలో కూడా తగ్గలేదు."

"అయితే మాస్టారే అబద్ధమాడుతున్నాడన్నమాట. పెద్దింటి పెళ్ళని కూడా చూడకుండా ఏ పాత ప్యాంటో తగిలించుకుని వచ్చుంటాడు. ఇకమీదట మా చుట్టాల్లో ఎవరింట్లోనూ ఇతని బ్యాండు మోగడానికి వీల్లేదు" అన్నారు సత్తిరాజుగారు.

 స్నేహితుడి పేరు చెడకుండా దానియేలు తన పొట్ట మీద తానే కొట్టుకోవడానికి సిద్ధపడి నిలబడ్డాడు.

సూరిబాబు నోరు మూసుకుని ఉంటే అతని పేరుకి ఏమీ కాదు. టేపుకి తిరుగులేదని అందరి ముందూ దానియేలే చెప్పాడు. సూరిబాబు రెండడుగులు వెనక్కి వేశాడు కూడా. కానీ తాడు కట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తూ మూడో అడుగు వేయలేకపోయాడు. జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చాడు.

"అది కొత్త ప్యాంటేనండీ, నేను కుట్టిందే. మాస్టారు చిక్కింది పదిహేను రోజుల్లో కాదు, మూడు నెలల్లో. నా టేపు ముప్ఫై ఎనిమిదే చూపించింది. నేనే నలభై రెండని చెప్పాను" అన్నాడు.



"ఎందుకురా?" అన్నాడు దానియేలు. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

"కడుపుమంటరా. నాకంటే నువ్వు ఎక్కువ తగ్గావని."

దానియేలు నడుముకున్న తాడు ముడి ఇంకాస్త బిగించుకున్నాడు. "నేను ఆ రోజు నీ దగ్గరికి ప్యాంటు కోసం రాలేదురా సూరిగా. నేను పడుతున్న కష్టానికి ఫలితం ఉందో లేదో చెప్తావని వచ్చాను. లేదన్నావు. నమ్మి మానేశాను" అన్నాడు.  క్లారినెట్టు చంకలో పెట్టుకుని బృందంతో వెళ్ళిపోయాడు.

మర్నాటికల్లా ఆ సంగతి ఊరంతా పాకింది. దానియేలుకి ఏ నష్టమూ జరగలేదు. పరువు పోతున్నా పాట ఆపని మాస్టరని సత్తిరాజుగారే నలుగురికీ చెప్పుకున్నారు. సూరిబాబు షాపుకి మాత్రం జనం పలచబడ్డారు. వచ్చినవాళ్ళు కూడా "ఏదీ, టేపు ఇలా చూపించండి" అని అంకె తమ కళ్ళతో చూసుకున్నాకే రాసుకోనిచ్చేవారు. కొందరైతే ఇంట్లోనే కొలుచుకుని కాగితం మీద రాసుకొచ్చేవారు. ఆ కాగితం చేతికి ఇచ్చినప్పుడల్లా సూరిబాబు ప్రాణం చివుక్కుమనేది. పాతికేళ్ళు కష్టపడి సంపాదించిన మాట ఒక్క అంకెతో పోయింది.

నెల గడిచాక ఒక ఉదయం దానియేలు షాపు గుమ్మంలో నిలబడ్డాడు. సూరిబాబు లేచి, స్టూలు ముందుకి జరిపాడు.

"ఇస్త్రీ పెట్టె ఎత్తలేక కూలబడ్డావటగా, మా చెల్లెమ్మ చెప్పింది. డాక్టరుగారిని అడిగాను. నడక ఒక్కటే పెట్టుకుని తిండి మానేస్తే కొవ్వుతోపాటు కండా పోతుందట. కాటాకి ఆ తేడా తెలియదట. నాకేమో ఉత్త బరువులు చాలవు, గుండెకి నడక కూడా కావాలన్నాడు. రేపట్నుంచి నువ్వు నాతో జిమ్ముకి రా. నేను నీతో గట్టు మీదికి వస్తాను" అన్నాడు దానియేలు.

 "అయితే నన్ను క్షమించావా? వచ్చే సీజను బట్టలు..." అని ఆగాడు సూరిబాబు.

"బట్టలు వేరేచోట ఇచ్చేశానురా. నీ ఒళ్ళు ఆరు నెలల్లో బాగుపడుతుంది, అందుకు నేను సాయం చేస్తాను. నా నమ్మకం ఎప్పటికి బాగుపడుతుందో నాకే తెలియదు" అన్నాడు దానియేలు.

ఆ మాట ప్రకారమే ఆరు నెలల్లో సూరిబాబు ఒళ్ళు తేరుకుంది. బుగ్గలు నిండాయి, పొట్ట తగ్గింది, ఇస్త్రీ పెట్టె ఒక చేత్తో లేచింది. రోజూ పొద్దున్నే ఇద్దరూ పక్కపక్కనే నడిచేవారు, ఒకరి తర్వాత ఒకరు బరువులెత్తేవారు. కానీ ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ కూడా ఊరేగింపులో దానియేలు వేసుకున్న యూనిఫారం ఇంకెవరో కుట్టిందే. ఊరేగింపు తన షాపు ముందునుంచి వెళ్తుంటే సూరిబాబు మిషను ఆపి, అది మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండేవాడు.

ఎదుటివాడి మేలు చూసి ఓర్వలేనివాడు ఎదుటివాడికి చేయగల చెరుపు కొద్దిపాటిదే. తనమీద నలుగురికీ ఉన్న నమ్మకాన్ని మాత్రం తన చేతులతో తానే పోగొట్టుకుంటాడు.